దుమ్మూ – దమ్మూ

మిర్యాలగూడ నుంచి హాలియా వెళ్ళే దారిలో నిడమనూరు ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళతో వరి పండే ప్రాంతం ఇది. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. అంతకుముందు నల్లగొండ జిల్లా మెట్ట నేలల్లో జొన్న, సజ్జ, ఆముదం లాంటివే ఎక్కువగా పండేవి. నీళ్ళు వచ్చినచోట వరి వచ్చింది. వరి వెనుకనే మిల్లులు వచ్చాయి. ఈనాడు బియ్యం మిల్లులు అనగానే మన రాష్ట్రంలో మొదట గుర్తుకొచ్చే ఊళ్ళలో మిర్యాలగూడ ఒకటి.

వరితోపాటు మరొకటి కూడా పెరిగింది. దాన్ని ఎవరూ విత్తలేదు, ఎవరూ కొయ్యలేదు, ఎవరూ తూకం వెయ్యలేదు. అది దుమ్ము! కోత యంత్రం వెనుక లేచే దుమ్ము, కల్లంలో లేచే దుమ్ము, బస్తా దులిపితే లేచే దుమ్ము, మిల్లులో జల్లెడ మీద లేచే దుమ్ము.

మన ప్రాంతంలో ఉబ్బసాన్ని “దమ్ము” అంటారు. “ఆయనకు దమ్ము లేస్తుంది” అనే మాట మీరు వినే ఉంటారు. రాసి చూడండి: దుమ్ముకూ దమ్ముకూ ఒక్క కొమ్మే తేడా. అక్షరాల్లోనే కాదు, పని చేసే చోట కూడా ఒక్కొక్కప్పుడు ఈ రెండింటికీ దగ్గర సంబంధం ఉంటుంది. పని వల్ల వచ్చే ఈ ఉబ్బసాన్ని వృత్తి సంబంధమైన ఉబ్బసం అంటారు. పెద్దవాళ్ళలో ఉబ్బసం ఉన్న ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరికి, ఆ జబ్బు రావటంలో చేసే పనికి పాత్ర ఉంటుందని వైద్యుల అంచనా. అదెలా వస్తుందో, దాన్ని ఎలా కనిపెట్టవచ్చో చూద్దాం.

తూర్పారబట్టే గాలి

యంత్రాలు రాకముందు కల్లంలో వడ్లు ఎలా శుభ్రం చేసేవారో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. చేటలో వడ్లు తీసుకుని, ఎత్తుగా నిలబడి, గాలికి నెమ్మదిగా జారవిడిచేవారు. గట్టి గింజలు కాళ్ళ దగ్గరే పడేవి. తాలు కొంచెం దూరంలో పడేది. పొట్టూ గడ్డి తునకలూ ఇంకా దూరంలో పడేవి. మరి అన్నిటికంటె సన్నని దుమ్ము? అది పడేదే కాదు. గాలిలో తేలుతూ పోయేది. అందుకే తెలిసిన రైతు గాలికి ఎదురుగా కాక, గాలి వచ్చే వైపు నిలబడేవాడు.

ఇందులో ఒక సూత్రం ఉంది. రేణువు ఎంత సన్నగా ఉంటే అంత నెమ్మదిగా కిందికి దిగుతుంది, గాలి వెంట అంత దూరం పోతుంది. ఈ సూత్రం కల్లానికే కాదు, మన ముక్కుకూ వర్తిస్తుంది.

మనం పీల్చే గాలి ముక్కులో, గొంతులో మలుపులు తిరుగుతూ పోతుంది. పెద్ద రేణువులు ఆ మలుపుల్లో తిరగలేక, ముక్కులోని వెంట్రుకలకో తడికో అంటుకుపోతాయి. మీటరులో పదిలక్షలవ వంతును మైక్రాన్ అంటారు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పది మైక్రాన్లకంటె పెద్ద రేణువుల్లో చాలా భాగం ముక్కూ గొంతూ దాటవు. అంతకంటె చిన్నవి శ్వాసనాళాల్లోకి దిగుతాయి. మరీ సన్ననివి, అంటే రెండు మూడు మైక్రాన్లవి, ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలి బుడగల దాకా పోతాయి. వీటినే వాయుకోశాలంటారు. గింజ మన కాళ్ళ దగ్గర పడితే, అతి సన్నని దుమ్ము మన ఛాతీలో పడుతుందన్నమాట! కంటికి కనపడే దుమ్ముకంటె కనపడని దుమ్ముతోనే ఎక్కువ చిక్కు.

ఇంకొక సంగతి. ఊరికే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాం. బరువైన పని చేసేటప్పుడు అది నలభై లీటర్లు దాటవచ్చు. నలభై, యాభై కిలోల బస్తాలను వరసగా మోసే హమాలీ, బల్ల దగ్గర కూర్చుని లెక్క రాసే గుమస్తాకంటె ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు. గాలితోపాటు అన్ని రెట్లు దుమ్మూ పీలుస్తాడు. పైగా ఆయాసపడేటప్పుడు నోటితో గాలి తీసుకుంటాం కనుక ముక్కు అనే జల్లెడ కూడా పనికి రాదు.

గొట్టం సగమైతే గాలి సగమవుతుందా?

గొంతు కింద ఉండే పెద్ద శ్వాసనాళం చెట్టు మొదలు లాంటిది. అది రెండు కొమ్మలుగా, అవి మళ్ళీ రెండేసిగా, సుమారు ఇరవై మూడుసార్లు చీలుతూ పోతుంది. ఈ సన్నని కొమ్మల గోడల చుట్టూ కండరం ఉంటుంది, లోపల తడిగా ఉండే పొర ఉంటుంది.

ఉబ్బసంలో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. కండరం బిగుసుకుంటుంది. లోపలి పొర వాస్తుంది. చిక్కని కఫం ఊరుతుంది. మూడింటివల్లా గొట్టం సన్నబడుతుంది. గొట్టం వ్యాసం సగమైతే గాలికి అడ్డు రెండింతలే అవుతుందనుకుంటున్నారా? కాదు! గొట్టంలో గాలి నిదానంగా, సాఫీగా పోయేటప్పుడు వ్యాసం సగమైతే అడ్డు పదహారు రెట్లవుతుంది. ఉబ్బసం వచ్చినవాడు ఊపిరికోసం ఎందుకంత అవస్థ పడతాడో, వదిలే గాలి పిల్లి కూతలా ఎందుకు శబ్దం చేస్తుందో ఇప్పుడు మీకు అర్థమయి ఉంటుంది.

అందరికీ దగ్గు, కొందరికే దమ్ము

ఇంట్లో ఎండు మిరపకాయలు వేయించినప్పుడు ఏమవుతుంది? అందరూ దగ్గుతారు. ఘాటు తగ్గగానే దగ్గూ తగ్గుతుంది. ఇది ఒరిపిడి లాంటిది. మోతాదు ఎక్కువైతే ఎవరికైనా తప్పదు.

వృత్తివల్ల వచ్చే ఉబ్బసంలో ఎక్కువ భాగం ఇలాంటిది కాదు. ఒక మిల్లులో పదిమంది ఒకే దుమ్ములో పని చేస్తుంటారు. వాళ్ళలో ఒకరికో ఇద్దరికో దమ్ము పట్టుకుంటుంది, మిగిలినవాళ్ళు బాగానే ఉంటారు. అది కూడా చేరిన మొదటి రోజున రాదు. కొన్ని వారాలో, నెలలో, ఏళ్ళో గడిచాక వస్తుంది. “ఇదే పని ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, ఇప్పుడు పనివల్ల ఎందుకొస్తుంది?” అని చాలామంది అనుకుంటారు. అక్కడే పొరపాటు జరుగుతుంది.

ఈ ఆలస్యానికి కారణం మన శరీరంలోని రక్షణ వ్యవస్థ. ఊరి కాపలాదారు కొత్తవారి ముఖాలు గుర్తు పెట్టుకున్నట్లే, అది తనలోకి వచ్చిన పరాయి మాంసకృత్తులను గుర్తు పెట్టుకుంటుంది. ఒక్కొక్కప్పుడు ఏ హానీ చెయ్యని మాంసకృత్తును కూడా శత్రువని పొరబడుతుంది. దానికి ఎదురుగా ఒక రకం ప్రతిరక్షకాన్ని తయారు చేస్తుంది. దీని పేరు ఐజీఈ. దీన్ని 1966లో కిమిషిగె ఇషిజాకా, టెరుకో ఇషిజాకా అనే జపాన్ దంపతులు అమెరికాలో పని చేస్తూ గుర్తించారు. ఈ ఐజీఈ శ్వాసనాళాల గోడల్లో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని కాచుకుని ఉంటుంది. అదే దుమ్ము మళ్ళీ లోపలికి రాగానే ఆ కణాలు పగిలినట్లుగా హిస్టమిన్ మొదలైన పదార్థాలను వదులుతాయి. కండరం బిగుసుకుంటుంది, పొర వాస్తుంది, దమ్ము లేస్తుంది. అన్ని వృత్తి ఉబ్బసాలూ ఐజీఈ వల్లనే రావు కాని, ధాన్యం, పిండి, గింజల దుమ్ములకు ఇది ముఖ్యమైన దారి.

ఒకసారి రక్షణ వ్యవస్థ ఇలా గుర్తు పెట్టుకుంటే, ఆ తర్వాత చిటికెడు దుమ్ము చాలు. నిన్నటిదాకా బస్తా దుమ్ముకు చలించని మనిషికి ఇవాళ చేట దులిపినా ఆయాసం వస్తుంది.

ధాన్యపు దుమ్ములో ఏముంది?

దుమ్మంటే మట్టి మాత్రమే కాదు. వడ్ల దుమ్ములో పొట్టు తునకలు, గింజమీది నూగు, మట్టి, తవుడు, పుప్పొడి ఉంటాయి. నిలవ ఉన్న ధాన్యమైతే బూజు, సూక్ష్మజీవుల అవశేషాలు, ముక్కుపురుగుల రెట్ట, కంటికి ఆనని నల్లి జాతి పురుగుల తునకలు కూడా చేరతాయి. తడిసిన ధాన్యం ముక్కిపోతే బూజు మరీ ఎక్కువ. ఊకను కాలిస్తే మిగిలే బూడిదలో చాలా భాగం సిలికా. ఊక గరుకుగా ఉండి ఒళ్ళంతా దురద పెట్టటానికి ఈ సిలికా ఒక కారణం.

ఒక ప్రాంతంలో పంట మారితే దుమ్ము కూడా మారుతుంది. నల్లగొండ మెట్ట పొలాల్లో విరివిగా పండిన ఆముదాన్నే తీసుకోండి. ఆముదపు గింజలో ఎలర్జీ కలిగించే ఒక మాంసకృత్తు ఉంది. అది వేడికి కూడా తేలికగా చెడదు. నూనె తీసిన తర్వాత మిగిలే చెక్కలో ఉండిపోతుంది. అమెరికాలో టొలీడో అనే నగరంలో ఒక ఆముదపు నూనె మిల్లు ఉండేది. దాని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు, మిల్లు వైపునుంచి గాలి వీచినప్పుడల్లా ఉబ్బసం వచ్చేది. ఫిగ్లీ, ఎల్రాడ్ అనే వైద్యులు దీన్ని కనిపెట్టి 1928లో ప్రకటించారు. మరికొన్ని చోట్ల ఆముదాలు నింపిన గోనె సంచులను కడగకుండా కాఫీ గింజలకు వాడితే, ఆ సంచులను ఎత్తిన కాఫీ కార్మికులకు దమ్ము పట్టుకుంది! తప్పు కాఫీది కాదు, సంచిది. దుమ్ములో ఏముందో తెలుసుకోకుండా తీర్పు చెప్పకూడదని దీనివల్ల తెలుస్తుంది.

ఇంకా ఏయే పనుల్లో ఈ ముప్పు ఉంది? రొట్టెల బట్టీలో గోధుమపిండి, వడ్రంగం పనిలో కొన్ని రకాల కర్ర పొట్టు, మోటారు వాహనాలకు రంగు చిమ్మే చోట ఐసోసైనేట్లనే రసాయనాలు, ఆసుపత్రిలో రబ్బరు చేతి తొడుగులు. ఇలాంటి కారకాలు వందల సంఖ్యలో ఉన్నాయి.

“నీవు ఏం పని చేస్తావు?”

ఇది కొత్తగా పుట్టిన జబ్బు కాదు. ఇటలీలో బెర్నార్డినో రమజ్జీని అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన 1633లో పుట్టి 1714లో చనిపోయాడు. కుమ్మరులు, రంగరేజులు, గని కార్మికులు, ఒకరేమిటి, అనేక వృత్తులవాళ్ళ దగ్గరకు స్వయంగా వెళ్ళి, వాళ్ళు పని చేసే తీరు చూసి, 1700లో వృత్తి రోగాలమీద ఒక పుస్తకం రాశాడు. అందులో ధాన్యం జల్లించేవాళ్ళ గురించి, కొలిచేవాళ్ళ గురించి ఒక అధ్యాయమే ఉంది. దుమ్మువల్ల వాళ్ళ గొంతు, ఊపిరితిత్తులు, కళ్ళు ఎలా దెబ్బతింటాయో, ఒళ్ళు ఎలా దురద పెడుతుందో అందులో వివరించాడు. మూడు వందల ఏళ్ళ క్రితం ఇటలీలో లేచిన దుమ్ముకూ మన మిల్లులో లేచే దుమ్ముకూ ఆట్టే తేడా లేదు.

రోగిని చూడటానికి వెళ్ళిన వైద్యుడు అడగవలసిన ప్రశ్నలను ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ చెప్పి ఉన్నాడు. రమజ్జీని వాటికి ఇంకొక ప్రశ్న చేర్చాడు: “నీవు ఏం పని చేస్తావు?” ఆ ఒక్క ప్రశ్న అడగకపోవటంవల్ల ఈనాడు కూడా ఎంతోమంది ఏళ్ళ తరబడి మందులు మింగుతూ, మళ్ళీ అదే దుమ్ములోకి వెళ్తూ ఉంటారు.

క్యాలెండరు చెప్పే గుట్టు

దమ్ముకు పని కారణమా, కాదా? దీన్ని తేల్చటానికి మొదట కావలసింది పెద్ద యంత్రం కాదు, క్యాలెండరు.

పనివల్ల వచ్చే ఉబ్బసం పని రోజుల్లో పెరుగుతుంది, సెలవు రోజుల్లో తగ్గుతుంది. అయితే ఒక మెలిక ఉంది. పని చేసేటప్పుడు కాక, ఇంటికి వచ్చిన కొన్ని గంటలకు, రాత్రి నిద్రలో దమ్ము రావచ్చు. అందువల్ల తప్పు ఇంటిదనీ, పరుపుదనీ, తిన్న తిండిదనీ అనుకుంటారు. ఇంకొక మెలిక: జబ్బు ముదిరితే ఒక్క రోజు సెలవు చాలదు. వారం, రెండు వారాలు పని మానితేగాని తేడా తెలియదు.

ఊపిరి వేగాన్ని కొలిచే చిన్న గొట్టం లాంటి పరికరం ఒకటి ఉంది. దీన్ని పీక్ ఫ్లో మీటర్ అంటారు. గట్టిగా గాలి పీల్చి, దానిలోకి ఒక్క ఊపున ఊదాలి. నిమిషానికి ఎన్ని లీటర్ల వేగంతో గాలి వచ్చిందో ముల్లు చూపిస్తుంది. బేసిల్ మార్టిన్ రైట్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1950ల్లో దీన్ని తయారు చేశాడు. వైద్యులు రోగిని రోజుకు నాలుగుసార్లు, కొన్ని వారాలపాటు ఊది రాసి తెమ్మంటారు. ఉదాహరణకు ఒక మిల్లు కార్మికుడి లెక్క ఇలా ఉందనుకోండి:

సోమవారం 380, మంగళవారం 350, బుధవారం 330, గురువారం 310, శుక్రవారం 300, శనివారం 290, ఆదివారం (సెలవు) 340, పండుగకు వారం రోజులు ఊరెళ్ళి వచ్చాక 430.

ఈ అంకెలను గ్రాఫు కాగితంమీద గుర్తించి గీత గీయండి. పని దినాల్లో గీత దిగుతూ పోతుంది, సెలవులో లేస్తుంది. చూడగానే అనుమానం రావటం లేదూ? గ్రాఫు ఒక్కటే తీర్పు చెప్పదు. ఆ తర్వాత వైద్యులు రక్త పరీక్షలు, చర్మ పరీక్షలు కూడా చేస్తారు. కాని దారి చూపేది ఈ గీతే.

పత్తి దుమ్ము సంగతి వేరు. జిన్నింగు మిల్లుల్లో, నూలు మిల్లుల్లో దుమ్మువల్ల బిసినోసిస్ అనే జబ్బు వస్తుంది. దానిలో సెలవు తర్వాత పనికి వచ్చిన మొదటి రోజునే ఛాతీ బాగా బిగదీసుకుంటుంది, తర్వాతి రోజుల్లో కొంత సర్దుకుంటుంది. చూశారా, ఒక్కొక్క దుమ్ముకు ఒక్కొక్క క్యాలెండరు!

దుమ్మును పుట్టినచోటే పట్టాలి

ఈ ఉబ్బసానికి ఒక ప్రత్యేకత ఉంది. తొందరగా కనిపెట్టి, ఆ దుమ్ము నుంచి దూరం చేస్తే చాలామందికి బాగా తగ్గుతుంది, కొందరికి పూర్తిగా పోతుంది కూడా. ఏళ్ళ తరబడి అలాగే పీలుస్తూ ఉంటే మాత్రం పని మానినా అది వదలకపోవచ్చు. అందుకే ఆలస్యం పనికిరాదు.

“మరయితే పని మానెయ్యమని చెప్పవచ్చుగా?” అంటారా? రోజు కూలిమీద బతికే హమాలీకి అది చెప్పినంత తేలిక కాదు. పని మానితే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ భయంతోనే చాలామంది దమ్మును దాచిపెడతారు. కనుక మనిషిని తీసెయ్యటంకంటె ముందు దుమ్మును తీసెయ్యటం గురించి ఆలోచించాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా ఈ మాటే చెప్పింది: దుమ్ము పుట్టే చోటికి వీలైనంత దగ్గరలోనే దాన్ని లాగివేసే ఏర్పాటు ఉండాలని.

ఇది సాధ్యమేనా? స్పెయిన్ దేశంలో బార్సిలోనా రేవు నగరం కథ వినండి. 1981 నుంచి 1987 వరకు అక్కడ కొన్ని రోజుల్లో ఉన్నట్టుండి ఎందరో ఉబ్బసం రోగులు ఒకేసారి ఆసుపత్రులకు పరుగెత్తుకొచ్చేవారు. అలాంటి రోజులు 26 లెక్క తేలాయి. వైద్యులు తేదీలు పక్కపక్కన పెట్టి చూశారు. రేవులో ఓడల నుంచి సోయా చిక్కుడు గింజలు దించిన రోజులతో అవి సరిపోయాయి! ఒక ధాన్యపు గాదె పైన దుమ్మును ఆపే వడపోత సంచులు లేవు. అవి అమర్చాక ఆ ఉపద్రవం ఆగిపోయింది. ఎవరూ రేవు మూసెయ్యలేదు, ఎవరి పనీ పోలేదు. దుమ్ముకు మాత్రం దారి మూశారు.

మన మిల్లులకూ ఇదే దారి. జల్లెడలకు, గింజ జారే గొట్టాలకు మూతలు పెట్టటం. దుమ్ము లేచే చోటే పంకాతో లాగి సంచుల్లో పట్టటం. చీపురుతో పొడిగా ఊడ్చే బదులు పీల్చే యంత్రంతో గాని తడిగా గాని శుభ్రం చెయ్యటం. ధాన్యాన్ని ముక్కిపోకుండా ఆరబెట్టి నిలవ చెయ్యటం. వీటన్నిటి తర్వాత వచ్చేది ముఖానికి కట్టే తొడుగు. తలగుడ్డ ముక్కుకు చుట్టుకుంటే పెద్ద రేణువులు ఆగుతాయి, అతి సన్ననివి సందుల్లోంచి దూరిపోతాయి. ఎన్-95 రకం తొడుగును ముఖానికి బాగా అతుక్కునేలా పెట్టుకుంటే ఎంతో మేలు.

దమ్ము ఉన్నవాళ్ళు వైద్యుడు ఇచ్చిన పీల్చే మందును తమంతట తాము మానకూడదు. పీల్చే మందు అలవాటైపోతుందనే భయం నిజం కాదు. అది తిన్నగా శ్వాసనాళాలకే చేరుతుంది కనుక చాలా కొద్ది మోతాదు సరిపోతుంది. బీడీ, సిగరెట్టు మాత్రం మానవలసిందే.

మీరు చేసి చూడండి

1. మూడు గాజు పలకలు తీసుకుని ఒక్కొక్కదానిమీద పలుచగా వాజలిన్ పూయండి. ఒకటి ఇంట్లో, ఒకటి బడిలో, ఒకటి కల్లం పక్కన కొంచెం దూరంగా, ఒక రోజంతా ఉంచండి. భూతద్దంతో చూసి, చదరపు సెంటీమీటరులో ఎన్ని రేణువులున్నాయో లెక్కపెట్టండి. అయితే భూతద్దానికి కనపడని రేణువులే ఛాతీ లోపలికి వెళ్ళేవని మరిచిపోకండి.

2. మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని పని చేసే పెద్దవాళ్ళలో ఎవరికైనా దగ్గు, పిల్లికూతలు, ఆయాసం ఉన్నాయా? వాళ్ళు ఒప్పుకుంటే నాలుగు వారాలపాటు ఒక నోటు పుస్తకంలో మూడు గళ్ళు గీసి రాయండి: ఈ రోజు పనికి వెళ్ళారా, ఏ పని చేశారు, పగలూ రాత్రీ ఊపిరి ఎలా ఉంది. వాళ్ళు వైద్యుని దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం తీసుకువెళ్ళమనండి. వైద్యుడు అడగటం మరిచిపోతే, రమజ్జీని ప్రశ్నకు జవాబు వాళ్ళనే ముందుగా చెప్పమనండి.